మంగళవారం సెలవు

పెద్దకోడలు తన గిన్నెలు తను ఏరుకుంటోంది.

"ఇది నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఇది నేను కొన్నది. ఇదీ నాదే" అంటూ ఒక్కొక్కటీ వంటగట్టు ఎడమ చివరికి తోస్తోంది. ప్రతి తోపుకీ గిన్నె గోడకి తగిలి చప్పుడవుతోంది. పెద్ద గరిటె దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. గరిటె అత్తగారిది. దాన్ని సరిహద్దు రాయిలా మధ్యలో పడేసింది.

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇవాళ శనివారం. ఏడింటికల్లా ఇద్దరూ ఆసుపత్రి లాండ్రీలో ఉండాలి. పెద్దావిడ అక్కడ సూపర్వైజరు. చిన్నావిడ శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే పనిచేసే పార్ట్‌టైమ్ మనిషి. ఆ మూడు రోజులూ ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని వెళ్లేవాళ్లు. నిన్న సాయంత్రం ఒకే బస్సులో వచ్చారు గానీ ఒకరు ముందు తలుపు దగ్గర, ఇంకొకరు వెనక తలుపు దగ్గర నిలబడి వచ్చారు.

"పొయ్యిని కూడా సగానికి కోస్తావా అక్కా?"

"కోస్తాను. రంపం తెచ్చిపెట్టు."

హాల్లో కుర్చీలోంచి అత్తగారు అందుకుంది. "కొయ్యడం ఎందుకే? రెండు బర్నర్లున్నాయిగా. ఒకటి నీది, ఒకటి దానిది. నేను మధ్యలో కంచం పట్టుకుని కూచుంటాను. ఎవరికి దయ కలిగితే వాళ్లు ఇంత పడేస్తారు."

ఆవిడ హాస్యానికి నవ్వే మనిషి ఇంట్లో లేడు. పెద్దకొడుకు లారీ తీసుకుని వెళ్లి నాలుగు రోజులైంది. చిన్నకొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఎక్కడో లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయిందని తెల్లారకముందే ఫోనొస్తే వెళ్లిపోయాడు.

"ఆ కాగితం మీద మొదటి సంతకం నీదేనా, కాదా?" అంది పెద్దకోడలు. నిన్నటి నుంచి ఇది పదోసారి అడగడం.

"నాదేనని చెప్పానుగా."

"రెండో సంతకం నీదై ఉంటే ఊరుకుందును. ఆఖరిదైతే అసలు పట్టించుకోకపోదును. అందరూ పెట్టారు గదాని పెట్టిందిలే అనుకుందును. మొదటిదే నీదా?"

"ఎవరో ఒకరు మొదట పెట్టాలి కదక్కా."

"ఆ ఎవరో ఒకరు నా ఇంట్లోనే ఉండాలా?"

ఆ కాగితం కార్మిక శాఖకి వెళ్లి మూడు వారాలైంది. అందులో ఉన్నది ఒకటే మాట. ప్రభుత్వ సెలవు వచ్చినప్పుడల్లా లాండ్రీలో పర్మనెంటు వాళ్లంతా ఇంట్లో ఉంటారు. ఆసుపత్రికి సెలవుండదు గనక ఆ రోజు దుప్పట్లన్నీ తొమ్మిది మంది పార్ట్‌టైమ్ ఆడవాళ్లే ఉతకాలి. దానికి బదులుగా జీతంతో ఇంకో రోజు సెలవు ఇవ్వరు. వారానికి ఎన్ని రోజులు పనిచేసినా ఆ సెలవులో మాకూ వాటా ఉందట, ఇప్పించండి అని తొమ్మిది మందీ రాశారు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మంగళవారం ప్రభుత్వ సెలవు.

"నిన్న మేనేజరు నన్ను నిలబెట్టి మాట్లాడాడే" అంది పెద్దకోడలు. "పందొమ్మిదేళ్లలో కూర్చోమనకుండా మాట్లాడ్డం అదే మొదటిసారి. 'ఇంట్లో ఒక్క మనిషిని అదుపులో పెట్టుకోలేనిదానివి, ముప్పై మందిని ఎలా పెడతావమ్మా' అన్నాడు. గదిలో క్లర్కు కూడా ఉన్నాడు."

"నేను నీ మీద రాయలేదక్కా. లాండ్రీ మీద రాశాను."

"లాండ్రీకి మొహం ఉందా, కాళ్లూ చేతులూ ఉన్నాయా? డ్యూటీ చార్టు కింద సంతకం ఎవరిది? నాది. ఇన్‌స్పెక్టరు ఎవరిని పిలుస్తాడు? నన్ను." ఒక గిన్నె మీద మూత తీసి, మళ్లీ అదే గిన్నె మీద పెట్టింది. "అయినా వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే ఉంటావు. ఇంకా సెలవేంటే నీకు?"

లాండ్రీలో పర్మనెంటు వాళ్లు అనేదీ ఈ మాటే. 'మీకు ఎలాగూ నాలుగు రోజులు సెలవే కదా' అని. పార్ట్‌టైమ్ వాళ్లకి 'మూణ్ణాళ్ల ముచ్చట' అని పేరు కూడా పెట్టారు. ఆ నాలుగు రోజులకీ జీతం లేదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

"ఆ నాలుగు రోజులూ ఆయన పనిలో ఉంటారు" అంది చిన్నకోడలు.

"ఉంటే?"

"ఆదివారం ఆయన ఇంట్లో ఉంటే నేను లాండ్రీలో ఉంటాను. ఇద్దరికీ కలిసొచ్చేది ప్రభుత్వ సెలవొక్కటే. ఆ వారం నా శుక్రవారం తీసేసి సెలవు రోజున వేస్తావు. నాలుగేళ్లుగా ఇంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనూ ఆయనా ఒక్కచోట ఉన్నది ఒకే ఒక్క రోజు. అదీ అత్తయ్య ఆపరేషనప్పుడు, ఆసుపత్రి వరండాలో."

"అదృష్టవంతురాలివి" అంది అత్తగారు. "నేను రోజంతా మీ మావగారి పక్కనే ఉండి బావుకున్నదేం లేదు."

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. కుడిచేతి మీద మోచేయి దాకా పాత కాలిన మచ్చ ఉంది. దాన్ని ఎప్పుడూ దాచుకునే మనిషి, ఇప్పుడు తోడికోడలి మొహం ముందుకి చాపింది.

"ఇది ఎప్పుడు కాలిందో తెలుసా? ఒక సెలవు రోజున. నేనూ పదకొండేళ్లు మూడు రోజుల మనిషినే. ప్రతి సెలవుకీ వెళ్లాను. పెద్దాడికి జ్వరమొస్తే వెళ్లాను, మా నాన్న పోయిన మర్నాడు వెళ్లాను. నాకు ఎవరిచ్చారు సెలవు? నేను మోసినప్పుడు లేని న్యాయం నువ్వు మొయ్యాల్సొచ్చేసరికి ఊడిపడిందా?"

చిన్నకోడలికి ఆ చేతిని చూస్తే జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"నీకు ఇవ్వలేదని నాకూ ఇవ్వొద్దంటావా? అప్పుడు నువ్వెంత ఏడ్చుంటావో నీకే తెలుసు కదక్కా."

అనకూడని మాటేమీ కాదు. కానీ ఏడ్చిన సంగతి ఎదుటివాళ్లు గుర్తుచేస్తే సహించే తత్వం కాదు పెద్దకోడలిది. చెప్పులు వేసుకుంది.

"ఇవాళ సాయంత్రంలోగా ఆ సంతకం వెనక్కి తీసుకో. మొదటిది ఊడితే మిగతా ఎనిమిదీ వాటంతటవే రాలతాయి. తీసుకోలేదో, నాకు తెలిసిన దారి నాకుంది."

తలుపు దడాలున పడింది. అత్తగారు కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుంది.

"రెండు కత్తులైనా ఒక ఒరలో ఇముడుతాయి గానీ రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవని ఊరికే అన్నారా? సరే గానీ, కుడి బర్నరు నీదైనట్టుంది. టీ పెట్టు."

*

లాండ్రీలో మాట్లాడాలంటే అరవాలి. పెద్ద డ్రమ్ములు తిరుగుతుంటాయి. పిండే యంత్రం ఆగే ముందు గదంతా అదురుతుంది. ఆ చప్పుడులో రహస్యం చెప్పుకోవడం కష్టం, తిట్టుకోవడం తేలిక.

మధ్యాహ్నం దాకా చిన్నకోడలితో ఎవరూ ఏమీ అనలేదు. రెండింటికి వచ్చే వారం డ్యూటీ చార్టు బోర్డు మీదకి ఎక్కింది. అందరూ వెళ్లి చూశారు. చూసినవాళ్లు చూసినట్టు ఆమె వైపు తిరిగి, మళ్లీ ఎవరి పని మీదకి వాళ్లు వెళ్లిపోయారు.

ఆమె దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ఉంది. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు. చెరో రెండు మూలలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, మూలలు కలిపి, మళ్లీ వెనక్కి నడవాలి. ఇవాళ ఆమెకి జత ట్రాలీలు తోసే ఆవిడ. లాండ్రీ మొత్తంలో నోరు గల మనిషి.

"మంచి బేరమే కుదిరింది" అంది ట్రాలీ ఆవిడ, మూలలు పట్టుకుని దగ్గరికొస్తూ.

"ఏం బేరం?"

"సంతకం రేటు ఒక మంగళవారమని మాకు ముందే చెప్పుంటే మేమూ అడిగేవాళ్లంగా." వెనక్కి నడిచింది. దుప్పటి బిగుసుకుంది.

"నువ్వనేది నాకు అర్థం కావట్లేదు."

"అయితే చదువుకో పో. నీకు అక్షరాలు బాగా వచ్చుగా."

దుప్పటి వదిలేసి ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. చార్టు ఈసారి వంకర అక్షరాలతో ఉంది. మంగళవారం గడిలో పార్ట్‌టైమ్ వాళ్ల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. అందరికీ డ్యూటీ. తన పేరు ఎదురుగా మాత్రం 'సెలవు' అని ఉంది. ఆ మాట కింద గీత కూడా గీశారు.

ఎప్పుడూ తన పేరుండే రోలరు దగ్గర సూదమ్మ పేరుంది.

సూదమ్మకి అరవై దగ్గర. చిరిగిన దుప్పట్లు కుట్టే పని ఆవిడది. కుడి మణికట్టు ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదు. రోలరంటే తడి దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం. ఆవిరి మొహాన కొడుతుంటే ఎనిమిది గంటలు నిలబడి, బరువు దుప్పట్లు రెండు చేతులతో ఎత్తి అందించాలి. కాగితం మీద రెండో సంతకం సూదమ్మది.

చిన్నకోడలు కుట్టు గదిలోకి వెళ్లింది. సూదమ్మ మిషను ఆపలేదు.

"పెద్దమ్మా, నేను అడగలేదు."

"అడక్కుండానే ఇచ్చారంటే నువ్వంటే ఎంత ఇష్టమో."

"మిమ్మల్ని రోలరు మీద వేస్తారని నాకు తెలీదు. ఒట్టు."

"ఒట్టెందుకులే అమ్మాయ్." సూదమ్మ దారం పంటితో తెంపింది. "మా వంతు కాని సెలవు ఎప్పుడొస్తుందని నేను నిన్ను అడిగాను చూడు, అదే నా బుద్ధితక్కువ. ఒకింటి వాళ్లు, ఇవాళ కొట్టుకుంటారు, రేపు కలుస్తారు. మధ్యలో నలిగేది మేం. వెళ్లు, నీ దుప్పట్లు పడున్నాయి."

చిన్నకోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈ తోడికోడలు నవ్వనైనా నవ్వలేదు. సెలవిచ్చి కొట్టింది. ఆమె దుప్పట్ల దగ్గరికి వెళ్లకుండా తిన్నగా స్టోరు గదికి నడిచింది.

*

స్టోరు గదిలో వార్డులవారీగా కట్టిన మూటలు గోడ పొడుగునా ఉన్నాయి. వాటి మధ్య చిన్న బల్ల వేసుకుని పెద్దకోడలు కూర్చుంది. బల్ల మీద నాలుగు లావు పుస్తకాలున్నాయి.

"అక్కా, ఆ చార్టు మార్చు."

"ఇక్కడ అక్కలెవరూ లేరు."

"సూపర్వైజరమ్మా, చార్టు మార్చండి."

"సెలవు కావాలన్నావు. ఇచ్చాను. ఇచ్చినా తప్పేనా?"

"నాకొక్కదానికే కావాలని అడగలేదు. తొమ్మిది మందికి అడిగాను. సూదమ్మ చెయ్యి సంగతి తెలిసే రోలరు మీద వేశావు. మనిషివేనా నువ్వు?"

"కాదు. సూపర్వైజర్ని." పెద్దకోడలు ఒక పుస్తకం ఆమె ముందుకి నెట్టింది. "తెరిచి చూడు. ఎక్కడైనా సరే."

తెరవక్కర్లేదు. అందులో ఏముందో చిన్నకోడలికి తెలుసు. అవి నాలుగేళ్ల డ్యూటీ చార్టుల కార్బను కాపీలు. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఇద్దరూ చాప వేసుకుని కూర్చునేవాళ్లు. పెద్దావిడ చెప్తుంటే చిన్నావిడ రాసేది. పెద్దావిడ అక్షరాలు కోడి గీరినట్టుంటాయని, చిన్నావిడవి అచ్చేసినట్టుంటాయని అలా కుదిరింది. ఎవరిని ఎవరి పక్కన వేస్తే జుట్టూ జుట్టూ పట్టుకుంటారో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. వారం మొత్తంలో ఇద్దరికీ అదే మంచి గంట. సెలవు వచ్చిన వారం పెద్దావిడ "ఈసారి మీ వంతు" అనేది. వంతుల ప్రకారం వస్తోంది కాబోలనుకుని చిన్నావిడ తన పేరు తనే గుండ్రంగా రాసుకునేది. పాత పేజీలు తిప్పి చూడాలని తోచలేదు. మూడు నెలల కిందట సూదమ్మ ఆ ప్రశ్న అడిగిన తరువాతే తిప్పింది. నాలుగేళ్లలో వంతు ఒక్కసారి కూడా మారలేదు.

"ఎవరి రాత?" అంది పెద్దకోడలు.

"నాదే. నువ్వు చెప్తే రాశాను."

"నేను చెప్పినట్టు ఎక్కడుంది? నువ్వు రాసినట్టుంది."

చిన్నకోడలు పుస్తకాన్ని వెనక్కి నెట్టింది.

"సోమవారం ఇన్‌స్పెక్టరు ఇవి అడుగుతాడు. పార్ట్‌టైమ్ వాళ్ల రోజులు వాళ్ల మనిషే వేసుకుంటుంది, నేను చూడకుండా సంతకం పెట్టేదాన్ని అని చెప్తాను. నాకు ఒక మెమో ఇస్తారు. నిన్ను వాళ్లందరూ ఏం చేస్తారో నాకు తెలీదు."

"అబద్ధం చెప్తావా?"

"ఏళ్ల తరబడి తడి బట్టలు మోసి ఈ కుర్చీలోకి వచ్చానే. దీన్ని నీకోసం వదులుకోను." పెద్దకోడలు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "సంతకం వెనక్కి తీసుకుంటే ఈ పుస్తకాలు బయటికి రావు. మంగళవారం నీ మొగుడితో హాయిగా ఉండు. అదేగా నీ ఏడుపు?"

"నా ఏడుపు అదే. కానీ ఇలా కాదు."

"ఎలా అయితేనేం, సెలవు సెలవే. ఇంటికి పో. మరిదికి ఫోన్ చేసి ఆ శుభవార్త నేనే చెప్పాను."

*

చిన్నకోడలు ఇంటికొచ్చేసరికి భర్త హాల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పెళ్లిలో తప్ప ఆ చొక్కా వేసుకున్నట్టు ఆమెకి గుర్తులేదు.

"వచ్చావా! ఇలా రా" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "మంగళవారం పొద్దున్నే బస్సెక్కుదాం. సముద్రం దగ్గరికి రెండున్నర గంటలేనట. కిటికీ పక్క సీట్లు రెండు చెప్పేశాను. మాతో పనిచేసేవాళ్లంతా నవ్వారనుకో. 'పెళ్లయి ఐదేళ్లకా హనీమూను' అని."

"సీట్లు చెప్పేశారా?"

"మరి? మళ్లీ దొరకవు."

ఆమె చెప్పులు కూడా విప్పలేదు. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి చెప్పడం ఎలాగో తెలియలేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. బోర్డు మీద చార్టు, సూదమ్మ చెయ్యి, పుస్తకాలు, బెదిరింపు, అంతా. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. మాడువాసన వచ్చాక అతను దాన్ని ఎత్తి నిలబెట్టాడు.

"అయితే మంగళవారం డ్యూటీకి వెళ్తానంటావు."

"వెళ్లి రోలరు దగ్గర నేను నిలబడతానంటున్నాను. ఆ సెలవు నాకు ఇచ్చింది నోరు మూయించడానికి."

"మూసుకో! ఒక్క రోజు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఏవండీ..."

"ఏంటి ఏవండీ? నాలుగేళ్లు. ప్రతి సెలవుకీ మా అమ్మ మొహం నేనూ, నా మొహం మా అమ్మా చూసుకుంటూ కూచుంటాం. బయటికెళ్తే పెళ్లాన్ని తీసుకురాలేదేం అంటారు. ఉతకడానికి వెళ్లిందని చెప్తాను. ఊళ్లో వాళ్ల దుప్పట్లన్నిటికీ నువ్వు కావాలి. నాకు మాత్రం అక్కర్లేదా?"

"నాకు అక్కర్లేకా రాశాను ఆ కాగితం? మనకోసమే కదా రాశాను!"

"మనకోసమైతే వచ్చిన రోజుని కాలదన్నవు."

"పాపం దాని మొహం చూడరా" అంది అత్తగారు కుర్చీలోంచి. "పొద్దుటి నుంచి నిలబడే ఉంది."

"నువ్వూరుకోమ్మా."

అత్తగారు ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. అప్పుడే పెద్దకోడలు లోపలికొచ్చింది. ఎవరినీ పలకరించకుండా చేతిసంచీలోంచి ఒక తెల్లకాగితం తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"చదువుకో. నా రాతే, అర్థమైనంత వరకూ అర్థం చేసుకో."

నాలుగు ముక్కలే ఉన్నాయి. పూర్తిగా తెలియక ఫిర్యాదు మీద సంతకం చేశానని, డ్యూటీల విషయంలో తనకి ఏ ఇబ్బందీ లేదని, తన సంతకం రద్దు చేయమని. కింద ఖాళీ.

"నేను పెట్టను."

"బాగా ఆలోచించుకో."

"ఆలోచించాను. పెట్టను. పుస్తకాలు చూపిస్తావో, ఏం చేస్తావో చేసుకో. రాసింది నేనేనని సోమవారం నేనే చెప్తాను. ఎవరు చెప్తే రాశానో కూడా చెప్తాను. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు."

పెద్దకోడలు మొహంలో రంగు మారింది. ఈ మాట ఆవిడ ఊహించలేదు. మరిది వైపు చూసింది.

అతను గోడకి తగిలించిన పని చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. తన చేతికి ఇస్తాడు కాబోలనుకుని, తీసుకోకూడదని చిన్నకోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

అతను ఇవ్వలేదు. కాగితం మీదకి వంగి, ఖాళీ ఉన్నచోట ఆమె పేరు రాశాడు.

అచ్చం ఆమె రాసినట్టే గుండ్రంగా రాశాడు. ఆమె లేనప్పుడు ఆమె పేరున ఇంటికొచ్చిన ప్రతి పార్సిలుకీ సంతకం పెట్టింది అతనే. నాలుగేళ్లలో చెయ్యి బాగా తిరిగింది.

"ఒరే..." అంది అత్తగారు.

పెద్దకోడలు కాగితం ఎత్తి చూసుకుంది. మడిచి సంచీలో పెట్టుకుంది.

"అది నా సంతకం కాదక్కా."

"కాదని ఇన్‌స్పెక్టరుతో చెప్పు. మరి ఎవరిదని అడుగుతాడు. ఆ పేరు కూడా నువ్వే చెప్పు."

పెద్దకోడలు లోపలికి వెళ్లింది. వంటింట్లో ఎడమ బర్నరు వెలిగించిన చప్పుడు వినిపించింది.

చిన్నకోడలు భర్త దగ్గరికి వెళ్లింది. చెయ్యి పట్టుకోబోయి మానేసింది.

"అది వెనక్కి తీసుకుని చింపెయ్యండి. మీ వదిన మీ మాట వింటుంది. ఇప్పుడే వెళ్లండి."

అతను ఆమె వైపు చూడలేదు. మాడిన చొక్కా పక్కన పడేసి, ఇంకో చొక్కా బల్ల మీద పరిచాడు.

"మంగళవారం గడవనీ. ఆ తర్వాత ఎవరితో ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నేను అడ్డం రాను."

"ఇన్‌స్పెక్టరు వచ్చేది సోమవారమండీ."

"తెలుసు" అన్నాడు అతను.